నాలుగో నంబరు అచ్చు

శనివారం ఉదయం ఆరున్నరకు వీధి తలుపు గంట మోగింది. పెళ్ళయి ఏడు వారాలైంది. ఆ ఏడు వారాలూ అది అదే వేళకు, అదే వేలి కింద మోగుతూనే ఉంది. తలుపు తీస్తే ఎదురుగా మామగారు, ఆయన చేతిలో నాలుగు గిన్నెల కారియర్.

"మీ అత్తయ్య పంపింది," అన్నారాయన, ఇంకెవరైనా పంపి ఉంటారేమోనని కోడలు అనుమానపడుతున్నట్టు. తర్వాత రోజూలాగే హాల్లో కుర్చీ లాక్కుని పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి, రెండు కాఫీలు తాగి, ఎనిమిదింటికి లేచారు.

కొత్త కాపురంలో ఉదయం ఎలా ఉండాలో కోడలికి స్పష్టమైన ఊహలున్నాయి. ఇద్దరికీ ఒకే దుప్పటి, ఒకే కాఫీ కప్పు, సెలవు రోజైతే తొమ్మిది దాకా తెరవని కిటికీ. ఆ ఊహల్లో మామగారూ లేరు, పేపరూ లేదు. పోనీ వద్దని చెబుదామంటే అత్తగారు చేసేది పూర్తిగా ప్రేమతోనే. ప్రేమతో చేసే పనిని ఆపడం ఎవరి తరం?

కిందటి ఆదివారం కోడలు ధైర్యం చేసి అడిగింది. "అత్తయ్యా, ఇంక మా వంట మేమే చేసుకుంటాం. మీకెందుకు రోజూ శ్రమ?"

అత్తగారు ఆమెను ఎగాదిగా చూశారు. "నీకు వంటొచ్చా?"

"వచ్చత్తయ్యా."

"సరే. మీ మామయ్యకి నూనె తగ్గించమన్నాడు డాక్టరు. నెల్లాళ్ళ నుంచి నేనేం వండినా ముక్కు చిట్లించి పక్కకి తోసేస్తున్నారు. ఆయనకి పడేది, ఆయన కిక్కురుమనకుండా తినేది ఒక్కటి చేసి చూపించు. కారియర్ ఆ రోజుతో బంద్."

ఆ ఒక్కటి ఏమిటో కోడలు అయిదు రోజులు పుస్తకాలు తిరగేసి తేల్చింది. తోలు తీసిన చికెన్ ఖైమా, నానబెట్టిన ఓట్స్, తురిమిన క్యారెట్, పుట్టగొడుగులు, ఉల్లి, మిరియాల పొడి, గుడ్డు తెల్లసొన. అన్నీ కలిపి రొట్టెలా దిమ్మ కట్టి ఓవెన్‌లో కాల్చి, ముక్కలు కోసి పెట్టడం. నూనె చుక్క పడదు. శనివారం సాయంత్రం ఏడింటికి అత్తమామల్ని భోజనానికి పిలిచింది. మధ్యాహ్నం రెండింటికి ఖైమా కలిపి, ముద్దను చూసి మురిసిపోయి, దాన్ని పెట్టడానికి పాత్ర కోసం వెతికింది. అప్పుడు తెలిసింది. పెళ్ళి కానుకగా ఓవెన్ ఇచ్చినవాళ్ళు దానిలోకి పాత్ర ఇవ్వలేదు.

"ఓయ్, రొట్టె పాత్ర లాంటిదేమైనా ఉందా మనింట్లో?" అని కేకేసింది. ఇద్దరే ఉన్నప్పుడు ఆమెకు భర్త 'నువ్వు', 'ఓయ్'. అత్తగారి ముందు 'మీరు', 'ఏవండీ'.

భర్త ఇంజనీరు. కట్టడాలకు పోసే కాంక్రీటు గట్టిదా కాదా అని తేల్చే లాబ్‌లో ఉద్యోగం. స్తంభానికో కప్పుకో కాంక్రీటు పోస్తుంటే అందులోంచి కాస్త తీసి ఇనప అచ్చుల్లో పోస్తాడు. అది అరజానెడు దిమ్మగా గట్టిపడ్డాక యంత్రంలో పెట్టి నొక్కి, ఎంత బరువుకు పగిలిందో రాస్తాడు. నిన్న సాయంత్రం ఒక వంతెన స్తంభం దగ్గర మూడు అచ్చులు నింపేసరికి లాబ్ మూసేశారు. పసిపిల్లల్ని తెచ్చినట్టు వాటిని స్కూటర్ మీద మెల్లగా ఇంటికి తెచ్చి, వెనక వరండాలో పెట్టి, తడి తువ్వాళ్ళు కప్పాడు. అవి పెళ్ళిలో వచ్చిన ఆరు తువ్వాళ్ళ సెట్టులోవి. ఆ విషయమై రాత్రి ఇంట్లో చిన్న చర్చ కూడా జరిగింది.

"పాత్ర లేదు కానీ అచ్చుంది," అన్నాడతను వంటింట్లోకి వచ్చి. "నాలుగు తెచ్చా, మూడే వాడా. నాలుగోది సరికొత్తది. పెట్టె కూడా విప్పలేదు."

"కాంక్రీటు అచ్చులో నా చికెనా?"

"సిమెంటు మొహం కూడా చూడలేదది. మూడుసార్లు కడిగి, లోపల ఫాయిల్ పరుద్దాం. సరిగ్గా కిలో పడుతుంది. నీ ముద్ద ఎంత?"

ముద్ద సరిగ్గా కిలో. కోడలికి అది శుభసూచకంలా తోచింది.

వేడినీళ్ళతో, సబ్బుతో అచ్చును తోమి, ఫాయిల్ పరిచి, ఆమె ముద్దను నింపబోయింది. భర్త ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. "అలా ఒకేసారి పొయ్యకూడదు. మూడు పొరలుగా వెయ్యాలి. ఒక్కో పొరకీ ముప్పై అయిదు పోట్లు." అప్పడాల కర్ర తీసుకుని, దాని కొసతో పొడవడం మొదలుపెట్టాడు. "ఒకటి, రెండు, మూడు..."

"మెత్తగా ఉండాలని రాశారు పుస్తకంలో. గట్టిగా నొక్కొద్దని మరీ మరీ రాశారు."

"లోపల గాలి ఉంటే బలం రాదు."

"దాని మీంచి లారీలు వెళ్ళక్కర్లేదు! మామయ్య నమిలితే చాలు."

అయినా నూట అయిదు పోట్లూ పడ్డాయి. ఆమె నవ్వు ఆపుకోలేక చివరి పొరకు తనే లెక్క చెప్పింది.

నాలుగున్నరకు దిమ్మ ఓవెన్‌లోంచి బయటికొచ్చింది. పైన ఎర్రగా కాలి, ఇల్లంతా మిరియాల వాసన. కోసే ముందు అరగంట చల్లారనివ్వాలి. పైన ఫాయిల్ మూయడం వరకు ఆమె చేసింది. దాన్ని వరండాలోకి తీసుకెళ్ళి పెట్టడం భర్త చేశాడు. అక్కడే పని చెడింది. ఆరేళ్ళుగా చేస్తున్న పని మనిషి చేతుల్లో ఉండిపోతుంది, బుర్రతో దానికి సంబంధం ఉండదు. అతని చేతులు ఆ అచ్చును ఉన్న మూడింటి పక్కన, గేటు వైపు, వరసగా పెట్టాయి. ఆవిరి పోతే పగులుతుందని సెట్టులోని నాలుగో తువ్వాలు తడిపి కప్పాయి. కాగితం పట్టీ మీద తేదీ వేసి, నాలుగు అని అంకె రాసి అతికించాయి. బుర్ర ఆ సమయంలో పాట పాడుకుంటోంది.

తర్వాత ఇద్దరూ ముందు గదిలో భోజనాల బల్ల సర్దడానికి వెళ్ళారు. నాలుగు పళ్ళేలు, నాలుగు గ్లాసులు, ఒక పూలగుత్తి. ఎవరికైనా పది నిమిషాల పని. కొత్త జంట కాబట్టి ముప్పావుగంట పట్టింది.

ఆ ముప్పావుగంటలో లాబ్ డ్రైవరు వచ్చాడు. ముందురోజే ఇంజనీరు అతనికి ఫోన్లో చెప్పాడు, "వెనక గేటు తీసే ఉంటుంది, వరండాలో మూడుంటాయి, తీసుకెళ్ళు," అని. డ్రైవరు చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. గేటు వైపు నుంచి మూడు లెక్కపెట్టాడు. తువ్వాళ్ళతో సహా మూడింటినీ ఎత్తి వ్యానులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అయిదుంబావుకు కత్తీ పళ్ళెమూ పట్టుకుని వరండాలోకి వచ్చిన కోడలికి ఒకే ఒక్క తువ్వాలు కనిపించింది. ఎత్తి చూసింది. కింద బూడిద రంగు కాంక్రీటు, దాని మీద పట్టీ, పట్టీ మీద ఒకటి అన్న అంకె.

"ఓయ్!" అన్న కేక విని భర్త పరుగెత్తుకొచ్చాడు. ఉన్నదాన్ని చూశాడు, లేని మూడింటినీ చూశాడు, మెట్ల మీద కూలబడ్డాడు.

"మన భోజనం..." అన్నాడు.

"భోజనం కాదు. మన ఉదయాలు," అంది కోడలు.

డ్రైవరు ఫోను ఎత్తలేదు. బండి నడిపేటప్పుడు ఎత్తకూడదని అతనికి నేర్పింది ఇంజనీరే. తువ్వాలు మళ్ళీ కప్పేసి, ముందు తలుపుకు తాళం వేసి ఇద్దరూ స్కూటర్ ఎక్కారు. దారిలో కోడలు అత్తగారికి ఫోన్ చేసింది. "అత్తయ్యా, చిన్న పని మీద బయటికొచ్చాం. ఏడింటికల్లా వచ్చేస్తాం. వంటంతా అయిపోయింది, వరండాలో అచ్చులో చల్లారుతోంది." చివరి వాక్యం అనవసరం. కానీ అబద్ధం చెప్పేటప్పుడు వివరం కలపకుండా ఉండలేని నిజాయితీపరురాలు ఆమె.

లాబ్‌లో ఇన్‌చార్జి గారు బల్ల వెనక కూర్చుని ఉన్నారు. పాతికేళ్ళుగా ఆయన చేతి ముద్ర పడకుండా ఆ గదిలోకి ఇసుక రేణువు రాలేదు, బయటికీ పోలేదు. అందుకే వెనకాల అందరూ ఆయన్ని ముద్రయ్య అంటారు. బల్ల మీద రిజిస్టరు, దాని పక్కన మూడు అచ్చులు ఉన్నాయి.

"రావయ్యా, నీకోసమే చూస్తున్నా," అన్నారు ముద్రయ్య. "నువ్వు నింపింది మూడు. ఒకటి, రెండు, మూడు. నాకొచ్చినవి రెండు, మూడు, నాలుగు. ఒకటెక్కడ? నాలుగెక్కడిది?"

"సార్, నాలుగోది పొరపాటున వచ్చింది. ఇచ్చేస్తే తీసుకెళ్ళిపోతాను."

"పొరపాటున వచ్చిందా! ఒకటో నంబరు బాగా రాలేదని దాచేసి, ఇంట్లో తీరిగ్గా ఇంకోటి తయారుచేసి పంపావా? వంతెనయ్యా అది. జనం నడుస్తారు దాని మీద."

"అయ్యో, అది కాంక్రీటే కాదు సార్."

"కాంక్రీటు కాదా?" ముద్రయ్య కుర్చీలోంచి లేచారు. "ఇది ఇంకా బాగుంది. డ్రైవరూ, ఇట్రా. ఇది తెచ్చేటప్పుడు నీకేం తేడా తెలియలేదా?"

"కాస్త వేడిగా ఉంది సార్," అన్నాడు డ్రైవరు. "గట్టిపడేటప్పుడు వేడెక్కుతుందని మీరే చెప్పారు కదా. వాసన కూడా బాగుంది. కొత్తరకం సిమెంటేమో అనుకున్నా."

"ఒకసారి రిజిస్టరులో ఎక్కింది పరీక్ష చెయ్యకుండా బయటికి పోదు," అని ముద్రయ్య తేల్చేశారు. "సోమవారం యంత్రంలో పెట్టి నొక్కుతా. అప్పుడు తెలుస్తుంది అదేమిటో."

కోడలి కళ్ళముందు తన వంటకం యంత్రం కింద నలిగిపోవడమూ, ఆరున్నరకు గంట మోగడమూ ఒకేసారి కనిపించాయి. ముందుకొచ్చి నిలబడింది. "సార్, అది చికెన్."

ముద్రయ్య చూపు ఆమె మీంచి అచ్చు మీదికి మళ్ళింది.

"తోలు తీసిన చికెన్ ఖైమా. ఓట్స్, క్యారెట్, పుట్టగొడుగులు, తెల్లసొన. నూట ఎనభై డిగ్రీల్లో గంటా పది నిమిషాలు కాల్చాను. పాత్ర లేక కొత్త అచ్చులో వేశాం. ఏడింటికి మా అత్తయ్యా మామయ్యా వస్తారు. ఇది వాళ్ళకి నచ్చితే మా కాపురం మాకు దక్కుతుంది. మీరు దీన్ని నొక్కితే మమ్మల్ని నొక్కినట్టే."

ముద్రయ్య పానా తీసుకుని అచ్చు బోల్టులు విప్పారు. నాలుగు పలకలూ పక్కకు పడ్డాయి. ఫాయిల్ విప్పితే ఎర్రటి దిమ్మ, అంచులు గీసినట్టు నిలువుగా ఉన్నాయి. ఆయన మూలలు సరిచూసే మూలమట్టం పెట్టి చూశారు. ఆ తర్వాత, నమూనా తీయడం నిబంధన కాబట్టి, తన టిఫిన్ డబ్బాలోంచి చెంచా తీసి ఒక మూల విరిచి నోట్లో వేసుకున్నారు. చాలాసేపు నమిలారు.

"లోపల ఒక్క గాలిబుడగ లేదు," అన్నారు చివరికి.

"మూడు పొరలు సార్. ముప్పై అయిదు పోట్లు," అన్నాడు ఇంజనీరు, సిగ్గుపడుతూ.

ముద్రయ్య రిజిస్టరు తెరిచి నాలుగో నంబరుకు ఎదురుగా 'తిరస్కరించడమైనది' అని రాశారు. కారణం అన్న గడిలో కాసేపు ఆలోచించి 'తినదగినది' అని రాసి, ముద్ర వేశారు. "ఒకటో నంబరు మాత్రం నాకు చెక్కుచెదరకుండా రావాలి. రేపు డ్రైవర్ని పంపిస్తా."

మూల విరిగిన దిమ్మను ఫాయిల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కోడలు స్కూటర్ మీద కూర్చుంది. ఆరున్నర. ఇంకా టైముంది. గాలికి ఆమె నవ్వు వెనక్కి పోతోంది. అప్పుడు ఫోను మోగింది.

"అమ్మాయ్, మేం ముందే వచ్చేశాం," అన్నారు అత్తగారు. ఇంటి తాళంచెవి ఒకటి ఎప్పుడూ ఆవిడ దగ్గరే ఉంటుంది. "నువ్వేం కంగారుపడకు. మెల్లగా రండి. నేను చూసుకుంటున్నాగా." గొంతు ఎన్నడూ లేనంత మెత్తగా ఉంది. అంత మెత్తదనం ఎందుకో కోడలికి అర్థం కాలేదు. పళ్ళేలు సర్దుతున్నారేమో అనుకుంది.

ఇంట్లో అడుగుపెట్టగానే సున్నం కాల్చినట్టు వాసన. వంటింట్లో ఓవెన్ ఎర్రగా వెలుగుతోంది. దాని ముందు అత్తగారు కొంగు నడుముకు దోపి నిలబడి ఉన్నారు. బల్ల మీద వంకర తిరిగిన కత్తి. పక్క కుర్చీలో మామగారు ఒక బుగ్గ ఉబ్బించుకుని, ఎంతో సహనంగా కూర్చుని ఉన్నారు.

"వచ్చావా తల్లీ," అన్నారు అత్తగారు. "ఏం దిగులు పెట్టుకోకు. లోపల ఉడకలేదు, అంతే. కత్తి దిగలేదు. ఓవెన్ పూర్తిగా పెంచి, పక్కన గిన్నెడు నీళ్ళు పెట్టాను. ఆవిరికి అదే మెత్తబడుతుంది."

"అమ్మా, అది..." అన్నాడు కొడుకు.

"నువ్వు నోర్ముయ్! పిల్లనేమైనా అన్నావంటే ఊరుకోను. మొదట్లో అందరికీ జరిగేదే. నేను అంచు గీకి రుచి కూడా చూశాను. ఉప్పు తగ్గింది. పైన ఏవో పలుకులు వేశావు, అవి కాస్త ముదిరాయి. మిగతాదంతా బాగానే ఉందమ్మా."

"మామయ్యా..." కోడలు ఆయన బుగ్గ వంక చూసింది. "మీరు కూడా..."

మామగారు బుగ్గలోది ఆ వైపు నుంచి ఈ వైపుకు మార్చుకున్నారు. "ఒక్క మాటన్నానేమో అడుగు మీ అత్తయ్యని. డాక్టరు చెప్పిన తిండి ఇలాగే ఉంటుంది కాబోలని చప్పరిస్తున్నా. పావుగంటైంది, ఇంకా కరగలేదు."

"ఊసెయ్యి నాన్నా!" "ఉమ్మెయ్యండి మామయ్యా!" రెండు కేకలూ ఒకేసారి వచ్చాయి. కోడలు గాభరాలో భర్తవైపు తిరిగి, "ఓయ్, నిలబడి చూస్తావేం, నీళ్ళు తే!" అంది. అత్తగారి ముందే. ఆవిడ అది గమనించే స్థితిలో లేరు.

"ఏమైందే? ఏం తిన్నాం మేం?"

కోడలు ఫాయిల్ పొట్లం బల్ల మీద పెట్టింది. "వంతెన, అత్తయ్యా."

"ఏమిటీ?"

"వంతెన స్తంభం. ఆయన నిన్న నింపిన కాంక్రీటు."

ఇద్దరూ పుక్కిలించడం అయ్యేదాకా జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పింది. చెబుతున్నంతసేపూ మామగారి భుజాలు కదులుతున్నాయి. చివరికి ఆపుకోలేక పడీపడీ నవ్వారు. "ముప్పై రెండేళ్ళ నుంచి వండుతున్నావు కదే! రాయికీ కూరకీ తేడా తెలియలేదా? ఉప్పు తగ్గిందట!"

"మరి మీకు తెలిసిందా? పావుగంట చప్పరించారుగా!"

"నాకెలా తెలుస్తుంది? నెల్లాళ్ళ నుంచి నువ్వు పెట్టేదానికీ దీనికీ పెద్ద తేడా లేదు."

అది హాస్యంగానే అన్నారు. కానీ అత్తగారి ముఖం వాడిపోయింది. కోడలు గబగబా ఫాయిల్ విప్పి, వంకర కత్తితోనే దిమ్మను కోసింది. ముక్కలు ఇటుకల్లా నున్నగా వచ్చాయి. మామగారు ఒకటి తిన్నారు. ఏమీ అనలేదు. ఇంకోటి తీసుకున్నారు. మూడోదాని దగ్గర ఆగి, "ఈ మూల ఏదమ్మా?" అని అడిగారు.

"లాబ్‌లో ఉంది మామయ్యా. పాసయింది."

పక్కగదిలో ఇంజనీరు ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. "సార్, ఒకటో నంబరు ఉంది సార్. కాకపోతే... రెండువందల యాభై డిగ్రీల్లో నలభై నిమిషాలు కాలింది సార్. అమ్మ. మెత్తబడుతుందని సార్." అటునుంచి కేకలు చాలాసేపు వినపడ్డాయి.

అత్తగారు ఒక ముక్క తిని, నోరు తుడుచుకుని, పళ్ళెం పక్కకు జరిపారు. "మాటంటే మాటే. రేపటి నుంచి కారియర్ రాదు."

బల్ల కింద కోడలి కాలు భర్త కాలు మీద సంతోషంగా పడింది. అతను అప్పుడే వచ్చి కూర్చున్నాడు. తొమ్మిది దాకా తెరవని కిటికీ ఇద్దరికీ ఒకేసారి కళ్ళముందు కదిలింది.

"అసలు నేనింక ఏ మొహంతో వండి పంపను?" అన్నారు అత్తగారు. "వంతెన తిని ఉప్పు తగ్గిందన్న నాలుక ఇది. ఆయన నెల్లాళ్ళుగా ముక్కు చిట్లిస్తుంటే ఆయనదే తప్పనుకున్నా. తప్పు నాదేనమ్మా. నాకు నూనె లేకుండా వండటం రాదు." కొంగుతో కళ్ళొత్తుకున్నారు. అంత పెద్దమనిషి అలా అనేసరికి కోడలి గుండె కరిగి నీరైంది. ఆ కరిగిన గుండెతోనే, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, ఆమె అనేసింది. "అయ్యో, దానికేముంది అత్తయ్యా. నేను నేర్పిస్తాను."

బల్ల కింద భర్త కాలు ఆమె కాలిని గట్టిగా తొక్కింది. ఆలస్యమైపోయింది.

"నిజంగానా తల్లీ?" అత్తగారి ముఖం వెలిగిపోయింది. "అయితే రేపే మొదలుపెడదాం. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మొదలుపెడితే మధ్యాహ్నానికల్లా అయిపోతుంది. ఆరింటికి వచ్చేస్తా."

ఆదివారం ఉదయం కారియర్ రాలేదు. అయిదూ యాభైకి అత్తగారు వచ్చారు. ఆవిణ్ణి దింపి వెళ్ళిపోదామని వచ్చిన మామగారు, ఇంటికెళ్తే వండిపెట్టేవాళ్ళెవరూ లేరని గుర్తొచ్చి రాత్రి భోజనం దాకా ఉండిపోయారు.